మడతక్క ఉతికిన బెల్టు

నీళ్లు కుతకుతలాడుతున్నాయి. మడతక్క మంట తగ్గించి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, బ్లీచింగ్ పౌడరు డబ్బా మూత తీసి ఒక గరిటెడు నీళ్లలో వేసింది. మూత పెట్టబోయి, ఎందుకైనా మంచిదని ఇంకో అర గరిటె వేసింది. ఆమె జీవితంలో చాలా పనులు ఈ ‘ఎందుకైనా మంచిది’ దగ్గర రెండోసారి జరుగుతుంటాయి. తలుపుకి తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి తాళం లాగి చూస్తుంది. ఆరిపోయిన అగ్గిపుల్లని నీళ్లలో ముంచి మరీ పారేస్తుంది. కుండీకి ఒక మొక్క చాలినచోట రెండు నాటుతుంది, ఒకటి ఎలాగూ చచ్చిపోతుందని. రెండూ బతికి ఒకదాన్నొకటి తోసుకుంటుంటే ఒకదాన్ని పీకడానికి చేతులు రావు.

పక్కన ముద్దగా పడి ఉన్న బెల్టుని రెండు చేతులా ఎత్తింది. బెల్టంటే నడుముకి పెట్టుకునే మామూలు బెల్టు కాదు. భుజాల మీదుగా, వీపు మీదుగా, తొడల చుట్టూ తిరిగే వెడల్పాటి నారింజ రంగు పట్టీలు, మధ్యమధ్య పట్టీలు బిగించే ఇనుప కట్లు, వీపు దగ్గర తాడు తగిలించుకునే పెద్ద కడియం. ఎత్తుల మీద పనిచేసేవాళ్లు ఒంటికి కట్టుకునేది. మెడ దగ్గరా నడుము దగ్గరా ఎవరెవరివో చెమట చారలు నల్లగా పేరుకుపోయాయి. కూతురు శిక్షణకి వెళ్లినచోట ఇచ్చారు. ఇంతకు ముందు ఎంతమంది కట్టుకున్నారో, వాళ్లలో ఎవరికి ఏ గజ్జి ఉందో, ఏ తామర ఉందో. పిల్ల రాత్రే సంచి సర్దుకుంది. పొద్దున అది మట్టికీ సామానుకీ బజారుకి వెళ్లగానే మడతక్క సంచి జిప్పు లాగి దీన్ని బయటికి తీసింది.

“దాని సామాను ముట్టుకోకమ్మాయ్,” అంది అత్తగారు, గోడవార కుర్చీలోంచి. ఆవిడకి చూపు సగమే ఉంది గానీ, ఇంట్లో ఎవరు ఏ సంచి విప్పినా చెవితోనే కనిపెట్టేస్తుంది.

“మొదటిరోజు ఈ మురికి కట్టుకుని వెళ్తుందా అత్తయ్యా? ఎండ బావుంది. మధ్యాహ్నానికల్లా ఆరిపోతుంది. మళ్లీ ఎక్కడిది అక్కడ పెట్టేస్తాను.”

బెల్టు నీళ్లలోకి జారి, ఒకసారి బుడగలు వదిలి, మునిగింది. మడతక్క దాన్ని కర్రతో అదిమి పట్టుకుంది. మనసు కాస్త నెమ్మదించింది. ఇవాళ్టి దినానికి ఆమె చేతిలో ఉన్న పని ఇదొక్కటే. మిగతాదంతా సాయంత్రం బస్సు చేతిలో ఉంది.

పెద్దాసుపత్రి వెనక భాగంలో, బాయిలరు గది పక్కన, బట్టల గది. పెళ్లయిన ఏడాది నుంచీ ఆమె ఉద్యోగం అక్కడే. వార్డుల నుంచి మూటలు వస్తాయి. ఉతికేది యంత్రమే గానీ, ఉతికినవి ఆరాక ఒక్కో దుప్పటినీ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి, రెండు అంచులూ రెండు చేతుల్లో పట్టుకుని, బొటనవేళ్లతో పక్కకి జరుపుకుంటూ చూడాలి. చిరుగుందా, మరకుందా, ఎవరైనా మరిచిపోయిన సూది ఉందా. చూశాకే మడత. ఆమె మడత పెట్టిన దుప్పటి మీద పడుకున్న రోగికి ఇంతవరకూ ఏదీ గుచ్చుకోలేదు. అందుకే ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ దగ్గర్నుంచి గేటు కాపలావాడి దాకా అందరికీ ఆమె మడతక్క. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకి తెలిస్తే తెలియాలి.

అన్నేళ్లు ఆ గదిలో ఉంటే మనిషికి ఏమేం జరగవచ్చో మూటల్లోనే కనపడుతుంది. మెట్ల మీద జారినవాళ్లు, నూనె ఒలికినవాళ్లు, బస్సు దిగుతూ పడినవాళ్లు. మడతక్క ఒక్కో మూటనీ చూసి ఒక్కో భయం ఇంటికి తెచ్చుకునేది. అయినా భర్త పోయింది వాటిలో దేనితోనూ కాదు. ఆయనకి ఒళ్లు వెచ్చబడింది. లేచి టీ తాగాడు, గడ్డం గీసుకున్నాడు, కూతురి స్కూలు బూటుకి లేసు కట్టాడు. పైకి మనిషి బానే ఉన్నాడు. మామూలు జ్వరమేలే అని ఆమె కూడా డ్యూటీకి వెళ్లిపోయింది. ఆమె భయపడకుండా వదిలేసింది ఆ ఒక్కదాన్నే. చావు అక్కడి నుంచే వచ్చింది. అప్పటి నుంచి దేన్నీ వదలడం లేదు.

అలాంటి తల్లికి పుట్టిన ఒక్క పిల్ల ఏం ఉద్యోగం తెచ్చుకుందంటే, గాలిమరలు ఎక్కే ఉద్యోగం. కొండల మీద తాటిచెట్ల కన్నా ఎన్నో రెట్లు ఎత్తున నిలబడి రెక్కలు తిప్పుతుంటాయే, కరెంటు తయారుచేసేవి, వాటి లోపలి నిచ్చెనలెక్కి పైన బోల్టులు బిగించి, నూనె పోసి, రెక్కలకి పగుళ్లున్నాయేమో తాళ్లమీద వేలాడుతూ చూసే పని. శిక్షణ అయిపోయింది. ఇవాళ సాయంత్రం బస్సెక్కాలి. రేపు పొద్దున చేరాలి.

రాత్రి అన్నాల దగ్గర పిల్ల చెయ్యి కడుక్కోకుండా కూర్చుండిపోయి అంది: “అమ్మా, ఒక్క మాట. నువ్వు ‘వెళ్లకు’ అంటే నేను ఆగిపోతాను. నిజంగా. కానీ బస్సెక్కే లోపు అను. అక్కడికి వెళ్లి పైకెక్కాక ఫోనులో ఏడవకు. అక్కడ నా చేతులు వణకకూడదు.”

మడతక్క కంచాలు తీసింది. ఆ ఒక్క మాట మాత్రం అప్పటి నుంచి ఆమె నోట్లోనే ఉంది, నమలని వక్కలా.

*

బెల్టుని చల్లటి నీళ్లలో జాడించి, పిండి, దండెం చివర, ఆరేసిన దుప్పట్ల వెనక వేసింది. రంగు కాస్త తేలిపోయింది గానీ చెమట చార ఒక్కటి లేదు. దగ్గరికెళ్లి వాసన చూసింది. ఆసుపత్రి వాసన. తృప్తిగా అనిపించింది.

అప్పుడే సందులో తోపుడుబండి చప్పుడు. పిల్ల బండిని తనే తోసుకుంటూ వచ్చింది, బండివాడు వెనకాల చేతులూపుకుంటూ వస్తున్నాడు.

“నేను తోస్తానంటే వినదండీ,” అన్నాడు బండివాడు మడతక్కతో, ఫిర్యాదు చేస్తున్నట్టు.

“నువ్వు గోతుల్లోంచి తోస్తున్నావు. కుళాయి పగిలితే ఎవరిది పూచీ?” అంటూ పిల్ల ఎరువు సంచిని భుజాన వేసుకుంది.

“నడుము! నడుము పట్టేస్తుంది, కింద పెట్టు,” అంది మడతక్క.

“దాని నడుము దానికి తెలుసు. కోతిపిల్ల అది,” అంది అత్తగారు.

వాళ్ల పెరడు పెద్దదేమీ కాదు. మంచం వేస్తే నడవడానికి చోటుండదు. నేలంతా సిమెంటు. గుప్పెడు మట్టి కూడా నేల మీద లేదు. ఉన్నదంతా డబ్బాల్లోనే: రంగు బకెట్లు, అడుగు పగిలిన స్నానపు తొట్టి, సగానికి కోసిన నీళ్ల డ్రమ్ములు, హోటలువాడు పారేసిన పెద్ద నూనె డబ్బాలు. చలికాలమంతా మడతక్క వంటింటి కిటికీ అరుగు మీద కాగితపు గ్లాసుల్లో నారు పోసి, రాత్రయితే దాని మీద గుడ్డ కప్పి, పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంది. ఇప్పుడు చలి పోయింది. ఎండ ఇంకా ముదరలేదు. గాలిలో ఒక లేతదనం ఉంది. నారుని బయటికి తేవాల్సిన రోజు ఇదే. వెళ్లేలోపు పెరడంతా ఒక కొలిక్కి తెచ్చి వెళ్తానని పిల్ల పట్టుబట్టింది.

ముందు మట్టి కలిపారు. పాత ప్లాస్టిక్ పట్టా పరిచి, మట్టీ ఎరువూ ఇసకా కుప్పపోసి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చేతులతో కలిపారు. మడతక్క గాజుపెంకు ఉంటుందేమోనని గుప్పెడు గుప్పెడూ వేళ్ల మధ్య నుంచి జారవిడిచి చూసింది. నిజంగానే ఒకటి దొరికింది. ‘చూశావా’ అన్నట్టు పిల్ల వైపు చూసింది. పిల్ల దాన్ని తీసుకుని, ఎటు పారేసినా తల్లి ఊరుకోదని తెలుసు కనుక, కాగితంలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టి, పెట్టెని చెత్త డబ్బాలో వేసింది.

“నీ భయం పోసి పెంచితే ఈపాటికి టమాటాలు గుమ్మడికాయలంత కాసేవి,” అంది అత్తగారు.

తరవాత పిల్ల ఇనుప చువ్వ పొయ్యిమీద కాల్చి బకెట్ల అడుగున చిల్లులు పెట్టింది. ప్లాస్టిక్ కాలిన వాసనకి మడతక్క అందరి ముక్కులకీ గుడ్డలు పంచింది. చిల్లుల మీద పెంకులు పరిచి, మట్టి నింపి, నారు నాటారు. పిల్ల ఒక్కో మొక్క పెట్టుకుంటూ పోతుంటే, మడతక్క వెనకాలే ఒక్కో జోడీ పెట్టుకుంటూ వచ్చింది.

“అమ్మా, ఒక బకెట్టుకి ఒకటి చాలు.”

“ఒకటి పోతే?”

“పోదు.”

“నువ్వు చెప్పావని ఆగుతుందా ఏం?” అని రెండోదాన్ని వేలితో గుంట చేసి పెట్టేసింది. పెట్టాక ఆ చెయ్యి అక్కడే ఆగింది. ఇంట్లో ఉన్నవన్నీ జోడీలే. తాళంచెవులు, కళ్లద్దాలు, టార్చిలైట్లు. ఒక్క పిల్లకే జోడీ లేదు. ‘వెళ్లకు’ అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. పిల్ల అప్పటికే లేచి డ్రమ్ము దొర్లిస్తోంది.

డ్రమ్ముకి కుళాయి పెట్టేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఇటుకలు పేర్చి, దాని మీద డ్రమ్ము ఎక్కించి, ఇంటి కప్పు నుంచి వచ్చే గొట్టాన్ని అందులోకి మళ్లించింది. ఇక వానొస్తే నీళ్లు వృథా పోవు, మడతక్క బకెట్లు మోయక్కర్లేదు. ఇటుకల పేర్పుని పిల్ల కాలితో తన్ని చూసింది. కదలలేదు. అయినా మొత్తం తీసి మళ్లీ పేర్చింది.

“బానే ఉందిగా?” అంది మడతక్క.

“కింద ఒక ఇటుక పలచగా ఉంది. ఇవాళ కాదు, వానలకి జారుతుంది.”

మడతక్క లోపలికి వెళ్లి టీలో ఒక చెంచా పంచదార ఎక్కువేసి తెచ్చింది.

అసలు గండం గోడ దగ్గర. బకెట్లు వేలాడదీయడానికి గోడకి కొక్కేలు దిగ్గొట్టాలి. పిల్ల డ్రిల్లింగ్ మిషను నడుముకి దోపుకుని నిచ్చెన ఎక్కింది. ఎక్కిందంటే ఎంత, తన తల మీద ఇంకో తలంత. మడతక్క నిచ్చెన రెండు కాళ్లనీ కావిలించుకుని, కళ్లు మూసుకుని, పళ్లు బిగపట్టింది. మిషను గుర్రుమంది. ఎర్రటి ఇటుకపొడి ఆమె జుట్టు మీద రాలింది.

“అమ్మా.”

“ఊఁ.”

“నిచ్చెన ఊగుతోంది.”

“అందుకేగా పట్టుకున్నాను!”

“నువ్వు పట్టుకున్నావని ఊగుతోంది. నీ చేతులు వణుకుతున్నాయి. వదిలిపెట్టు.”

అత్తగారు కుర్చీలో కిసుక్కున నవ్వింది. మడతక్క ఒక చెయ్యి తీసింది. తరవాత రెండోది తీసింది, కానీ దూరం జరగలేదు. అరచేతులు నిచ్చెనకి బెత్తెడు దూరంలో గాలిలో అలాగే ఉంచింది. నిచ్చెన నిలబడింది. పైన పిల్ల మోకాళ్లు కూడా నిలకడగా ఉన్నాయి. మడతక్క వాటినే చూసింది. పసితనంలో దెబ్బ తగిలిన మచ్చ ఒకటి ఇంకా ఉంది. వంటింటి గుమ్మం మీద నుంచి పడింది. ఇంత ఎత్తు గుమ్మం. ఆ రోజు ఎంత ఏడ్చిందో, ఎవరు ఎక్కువ ఏడ్చారో.

కొక్కేలన్నీ దిగాయి. గొలుసు మాత్రం ఒక బకెట్టుకి చాల్లేదు. చివరి కొక్కెం ఖాళీగా ఉండిపోయింది. దాని కింద రెండు టమాటా మొక్కల బకెట్టు నేలమీదే ఉంది.

“తరవాత చూద్దాం,” అంది పిల్ల, చేతులు దులుపుకుంటూ. పెరడంతా ఒకసారి కలయజూసింది. గోడ పొడుగునా బకెట్లు, తొట్టిలో పుదీనా, నూనె డబ్బాల్లో మిరప, పాత మంచం చట్రానికి అల్లిన దారాల మీద పాకడానికి సిద్ధంగా దోస. నీళ్లు పోసిన మట్టి వాసన. “నాన్న చూస్తే ఏమనేవాడు?”

“నీళ్లు ఎక్కువ పోశావు అనేవాడు,” అంది మడతక్క. ఇద్దరూ నవ్వారు.

*

అన్నాలయ్యాక గాలి లేచింది. గాలి లేచినప్పుడల్లా ఈమధ్య మడతక్క తల పైకెత్తి చూస్తోంది, ఆ కొండల మీద ఇది ఇంకెంత ఉందో అని. దండెం మీద దుప్పటి ఒకటి పైకి లేచి తిరగబడింది. దాని వెనక నారింజ రంగు కనపడింది.

పిల్ల కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటూ అటు చూసింది. కుళాయి కట్టేసింది. నడిచి వెళ్లి బెల్టుని దండెం మీద నుంచి తీసింది.

“చెబుదామనే అనుకున్నా,” అంది మడతక్క ఉత్సాహంగా. “చూడు, ఒక్క మరక లేదు. ఎంత మురికి పట్టిందనుకున్నావు! నీళ్లు నల్లగా దిగాయి.”

పిల్ల బెల్టుని ముక్కు దగ్గర పెట్టుకుంది. తరవాత ఎండకి ఎదురుగా తిరిగి, పట్టీని వెలుతురుకి ఎత్తి, రెండు చేతుల మధ్య వంచి, బొటనవేళ్లతో కొద్దికొద్దిగా పక్కకి జరుపుకుంటూ చూడసాగింది. ఒక చోట ఆగింది. మళ్లీ జరిపింది. మళ్లీ ఆగింది. పట్టీ అంచున సన్నటి నూగు లేచి, ఎండలో కనీ కనపడకుండా మెరిసింది.

మడతక్కకి ఎక్కడో చూసినట్టనిపించింది. ఎక్కడో కాదు. స్కూలు వదిలాక ఇంట్లో ఒంటరిగా ఉంటే ఏమవుతుందోనని పిల్లని తెచ్చి బట్టల గదిలో మూట మీద కూర్చోబెట్టుకునేది. అది లెక్కలు చేసుకుంటూ, నడుమనడుమ తలెత్తి తల్లి దుప్పట్లు చూడటం చూస్తుండేది. ఎవరూ నేర్పలేదు. అవే చేతులు. అదే ఆగడం.

“దేంట్లో ఉతికావమ్మా?”

“వేడినీళ్లలో. కొంచెం బ్లీచింగ్.”

“కొంచెమా?”

“కొంచెం. మళ్లీ ఇంకొంచెం.”

పిల్ల బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. కోపం లేదు మొహంలో. అది మడతక్కని ఇంకా భయపెట్టింది.

“బ్లీచింగ్ తగిలితే ఈ దారం చచ్చిపోతుందమ్మా. మొదటిరోజు క్లాసులో చెప్పింది అదే. పైకి బానే కనపడుతుంది. లోపల ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు. చెప్పలేనిదాన్ని కట్టుకోకూడదు.”

పైకి బానే కనపడుతుంది. మడతక్క గోడ పట్టుకుంది. బెల్టు మళ్లీ మడిచి సంచిలో పెట్టేసి ఉంటే. రేపు అంత ఎత్తున, ఆ గాలిలో, తను శుభ్రం చేసిన ఈ పట్టీ మీదే పిల్ల బరువంతా. మిగతా ఊహ ఆమె కళ్ల ముందు నిలబడింది. ఇన్నేళ్లూ ఆమె ఊహించుకున్న చావుల్లో ఎక్కడా తన చెయ్యి లేదు.

“నువ్వు... నువ్వు చూసుకోకుండా కట్టుకుని ఉంటే?”

“చూసుకోకుండా కట్టుకోనమ్మా. ఉతికినా ఉతకకపోయినా. ఎక్కే ప్రతిసారీ ఇలా చూసే కట్టుకుంటాను.”

“దాని సామాను ముట్టుకోకంటే విన్నదా?” అంది అత్తగారు. కానీ గొంతులో వేళాకోళం లేదు.

అంత భయంలోనూ మడతక్క గుండెలో ఒక మూల చిన్న దీపం వెలిగింది. బెల్టు లేదు. బెల్టు లేని మనిషిని పైకెక్కనివ్వరు. మొదటిరోజే బెల్టు పాడుచేసుకున్న పిల్లని వద్దు పొమ్మంటారు. తను ‘వెళ్లకు’ అననక్కర్లేకుండానే. ఆ దీపాన్ని తనే చూసుకుని మడతక్క సిగ్గుతో మొహం తిప్పుకుంది. కానీ ఊది ఆర్పలేదు.

పిల్ల ఫోను చేసింది. అవతల సూపర్‌వైజరు గొంతు ఎంత పెద్దదంటే, ఫోను చెవి దగ్గర ఉన్నా పెరడంతా వినపడింది. ఎప్పుడూ గాలిలో అరిచి మాట్లాడే మనిషి కాబోలు.

“సార్, రేపు చేరాల్సినదాన్ని. నా బెల్టు పనికిరాదు సార్. ఇంట్లో బ్లీచింగ్ పడింది.”

ఎవరు పోశారో చెప్పలేదు. మడతక్క అది గమనించింది.

“బ్లీచింగా? వంటిల్లనుకున్నావా అది? చేరకముందే బెల్టు పోగొట్టావా?” కాసేపు అలాగే గదమాయించాడు. పిల్ల “అవును సార్, అవును సార్” అంటూ నిలబడింది. ఉన్నట్టుండి ఆయన ఆగి అడిగాడు: “పనికిరాదని ఎవరు చెప్పారు?”

“నేనే చూశాను సార్. నడుము పట్టీకి నూగు లేచింది. మిగతావి బానే ఉన్నాయి గానీ నమ్మలేను.”

అవతల గొంతు తగ్గింది. “నమ్మొద్దు. బానే ఉందిలే అని కట్టుకొచ్చేవాళ్లతోనే నాకు చావొచ్చిపడింది. నీ కొలత పంపు, స్టోరు నుంచి కొత్తది తీయిస్తాను. అది నేను చూసేదాకా ఎక్కడం లేదు. కింద కూర్చుని బోల్టులు తుడవాలి. సరేనా? ఆ పాతదాన్ని ఇప్పుడే కోసెయ్. ఇంకెవరూ పొరపాటున కూడా కట్టుకోకూడదు. బస్సు తప్పిపోనీకు.”

ఫోను ఆగిపోయింది. పిల్ల తల్లి వైపు తిరిగింది. బస్సుకి ఇంకా సమయం ఉంది. ఆ మాట అనడానికి కూడా ఇంకా సమయం ఉంది. పిల్ల కళ్లలో ఆ ఎదురుచూపు మడతక్కకి స్పష్టంగా కనపడింది. ఇప్పుడంటే ఆగిపోతుంది. మాట తప్పే పిల్ల కాదు. జీవితమంతా ఈ పెరట్లో ఇటుకలు సర్దుతుంది, నిచ్చెన మీద తన తల మీద ఇంకో తలంత ఎత్తున ఉంటుంది.

మడతక్క లోపలికి వెళ్లింది. అలమర పైఅర నుంచి, పాత దుప్పట్లు గుడ్డపీలికలు చేసే పెద్ద కత్తెర తెచ్చింది.

“ఎక్కడ కొయ్యాలి?” అంది.

పిల్ల ఒక్క క్షణం ఆమెనే చూసింది. తరవాత భుజం పట్టీ చూపించింది. “ఇక్కడ. తొడల దగ్గర. నడుము దగ్గర.”

“ఉండు, నేను చేస్తాను.”

పట్టీ మందంగా ఉంది. కత్తెర రెండు చేతులతో నొక్కాల్సి వచ్చింది. ఒక్కో కోతకీ టక్కుమని చప్పుడు. మడతక్క అంచు వంకర పోకుండా కోసింది. ఆసుపత్రి వాళ్లు నేర్పిన కోత అది. అన్నీ అయ్యాక ముక్కల్ని ఒళ్లో వేసుకుని, అలవాటు కొద్దీ పొడుగువి ఒకపక్క, పొట్టివి ఒకపక్క సర్దింది.

పిల్ల పొడుగు పట్టీ ఒకటి తీసుకుని, ఖాళీగా ఉన్న చివరి కొక్కేనికి తగిలించి, ఇనుప కట్టుతో టమాటా బకెట్టు పిడికి బిగించింది.

“ఇదీ తెగుతుందేమో,” అంది మడతక్క.

“మనిషికి పనికిరాదు గానీ బకెట్టుకి పనికొస్తుందిలే. కింద ఎవరూ కూర్చోకుండా చూసుకో.”

“అంటే నన్నా?” అంది అత్తగారు. “నా కుర్చీ అక్కడే ఉంటుంది కదే కోతిపిల్లా!”

*

బస్సు దగ్గరికి రానని మడతక్క వారం నుంచీ చెబుతోంది. నవ్వుతూ పంపడం తన వల్ల కాదని, ఏడుస్తూ పంపడం మంచిది కాదని. సాయంత్రం పిల్ల గోళ్లలో మట్టి బ్రష్షుతో తోముకుని, బూట్లు తొడుక్కుని, నాన్నమ్మ బుగ్గ గిల్లి సంచి ఎత్తుకునేసరికి, మడతక్క చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. సంచి ఒక పిడి ఆమె పట్టుకుంది, ఒక పిడి పిల్ల పట్టుకుంది. మలుపు దాకా వెళ్లాక మడతక్క ఆగింది. తాళం సంగతి గుర్తొచ్చింది. తాళం వేయలేదు, ఇంట్లో అత్తగారున్నారు. అయినా కాళ్లు వెనక్కి తిరగబోయాయి. పిల్ల పిడిని కొంచెం లాగింది. మడతక్క నడిచింది.

బస్సు ముందే వచ్చి ఉంది. కండక్టరు తొందరపెడుతున్నాడు. అన్నేళ్లలో పిల్ల బయటికి అడుగుపెట్టిన ప్రతిసారీ మడతక్క దగ్గర జాగ్రత్తల దండకం ఒకటుండేది: కిటికీలోంచి చెయ్యి పెట్టకు, పక్కవాళ్లిచ్చింది తినకు, దిగేటప్పుడు బస్సు ఆగాకే దిగు, నీళ్లు కాచి తాగు. పిల్ల ఆ దండకం కోసమే మెట్టు మీద ఆగింది, నవ్వు సిద్ధం చేసుకుని.

మడతక్క పిల్ల చేతులు రెండూ పట్టుకుంది. అరచేతులు తిరగేసి చూసింది. బొటనవేళ్ల దగ్గర చర్మం గట్టిపడి ఉంది.

“చూసుకుని కట్టుకో,” అంది.

ఇంకా ఏమైనా అంటుందేమోనని పిల్ల ఎదురుచూసింది. ఇంకేమీ రాలేదు. పిల్ల నవ్వు ఒకసారి తడబడి, మళ్లీ సర్దుకుంది. “నువ్వు నిచ్చెనలు పట్టుకోకు,” అంది. తలుపు మూసుకుంది.

బస్సు కదిలాక పక్కన నిలబడ్డ మనిషి ఎవరో, ఎవరినో ఎక్కించడానికి వచ్చినాయన, ఊరికే అడిగాడు: “మీ అమ్మాయాండీ? చదువుకా?”

“ఉద్యోగానికి. గాలిమరలెక్కుతుంది.”

“అమ్మో! మీకు భయం లేదా?”

“భయానికేం, బోలెడుంది,” అంది మడతక్క. “దానికీ ఉంది. పనికొచ్చేంత ఉంది.” ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమే కాసేపు ఆలోచించింది. ఇంటికి నడుస్తుంటే ఛాతీలో ఏదో బిగుతుగా అనిపించింది. గుండెపోటేమోనని చెయ్యి పెట్టి చూసుకుంది. కాదు. సంతోషమే. అలవాటు లేక తెలియలేదు.

పెరట్లో వెలుతురు తగ్గుతోంది. అత్తగారు కుర్చీలోనే కునుకుతోంది. మడతక్క గోడ పొడుగునా నడిచి బకెట్టు బకెట్టుకీ చెంబుతో నీళ్లు పోసింది, భర్త ఉంటే అనేటట్టు కొంచెం ఎక్కువే. చివరి బకెట్టు దగ్గర చెంబు కింద పెట్టింది. పట్టీని రెండు చేతుల్లోకి తీసుకుని, వంటింటి కిటికీ వెలుతురు పడేలా పక్కకి తిప్పి, బొటనవేళ్లతో కొక్కెం నుంచి కట్టు దాకా కొద్దికొద్దిగా జరుపుకుంటూ చూసింది. బానే ఉంది. మళ్లీ మొదటి నుంచి చూసింది. తరవాత, ఎందుకైనా మంచిదని, నిద్రపోతున్న అత్తగారిని కుర్చీతో సహా నెమ్మదిగా అవతలికి జరిపింది.

వెలిసిపోయిన నారింజ పట్టీకి వేలాడుతున్న బకెట్టు, రెండు టమాటా మొక్కలతో, అడుగు చిల్లుల్లోంచి ఒక్కో చుక్కా వదులుతూ, గాలికి అటొకసారి ఇటొకసారి తిరిగి, నిలిచింది.